కువైట్ పిట్ట

ఫరహత్ మేడమీద రేకుల పంచలో మగ్గం పెట్టుకుని పని చేస్తుంది. చెక్క చట్రానికి బిగించిన పట్టుగుడ్డ, దానిమీదికి వంగిన నడుము, చేతిలో సూది. పక్కన అట్టపెట్టెలో పట్టుదారం రీళ్ళు. వాటిలో నీలాలదే ఒక పెద్ద వరుస. ప్రొద్దుటూరు బట్టల అంగళ్ళవాళ్ళు చీరకొంగు ముక్క పంపి, దీనికి సరిపోయే దారంతో జాకెట్టు చేతులకు పూలు కుట్టమంటారు. ఫరహత్ ఆ ముక్కను నీడలో చూడదు. ఎండలోకి తెచ్చి పిట్టగోడ మీద పరుస్తుంది. బల్బు వెలుతురులో రెండు నీలాలు ఒకటే అనిపిస్తాయి. ఎండలో దేని దారి దానిది. రంగు తప్పిందని ఇంతవరకు ఆమె కుట్టిన జాకెట్టు ఒక్కటీ వెనక్కి రాలేదు.

పంచలో మేకుకు ఒక బైనాక్యులర్ వేలాడుతుంది. దాని తోలుపట్టీ ఎప్పుడో తెగింది. మిగిలిపోయిన జరీ అంచు ముక్కను పట్టీగా కట్టుకుంది. ఆమె భర్త కమాల్ బాషా కువైట్ నుంచి మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు తెచ్చాడు దాన్ని. అత్త ఖాజాబీ ఆ రోజు పెట్టె అంతా తిరగేసి, "గాజులు తెమ్మంటే దుర్భిణి తెచ్చినాడు నా కొడుకు. దీంతో యాడ చూడాల? కువైట్ కనపడతాదా?" అంది. ఫరహత్ మాత్రం దాన్ని తీసుకుని మేడెక్కింది. ఎదురింటి వేపచెట్టులో ఎప్పుడూ కూసే పిట్ట కంటి చుట్టూ ఎర్రటి గీత ఉందని ఆ సాయంత్రమే తెలిసింది. అప్పటినుంచి ఆమెకు అదే పిచ్చి.

ఆమె ఏడాదికి గుర్తులు పిట్టలే. వానలు వెనకబట్టే రోజుల్లో కాటుకపిట్ట వచ్చి నీళ్ళట్యాంకు మీద తోక ఆడిస్తే చలికాలం బయలుదేరినట్టు. తొండూరు దిక్కు శనగచేలు పచ్చబడితే, బూడిదరంగు గద్దలు వాటిమీద వాలకుండా, రెక్క ఆడించకుండా తేలిపోతూ ఉంటాయి. జమ్మలమడుగు దాటి మైలవరం డ్యాము నీళ్ళ అంచుకు, తలమీద నల్లగీతలున్న బాతులు హిమాలయాలు దాటి వస్తాయి. ఆదివారాలు అత్తకు వండిపెట్టి, బురఖా వేసుకుని, సంచిలో బైనాక్యులర్ పెట్టుకుని బస్సెక్కేది. బస్సులో ఎవరన్నా అడిగితే చుట్టాలింటికి పోతాండా అనేది.

కడప జిల్లాలో ఇట్లాంటి పిచ్చి ఉన్నవాళ్ళంతా ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. దాన్ని నడిపేది హనుమంతయ్య సారు. కడపలో లెక్చరర్‌గా చేసి రిటైరైన మనిషి. ఎవరైనా మసక ఫోటో పెట్టి ఇదేం పిట్ట అని అడిగితే నలుగురూ నాలుగు పేర్లు చెప్పేవాళ్ళు. చివరికి సారు, "ఫరహత్‌ను చెప్పనీండి," అనేవాడు. ఆమె చెప్పాక వేరే మాట ఉండేది కాదు. ఇంట్లో అత్త మాట, అంగళ్ళలో సేట్ల మాట నడుస్తాయి. ఆ గ్రూపులో ఒక్కచోటే ఫరహత్ మాట నడిచేది.

ఆమె ఎదురుచూసే పిట్ట ఒకటుంది. కమాల్ బాషా ఎడారి అంచున ఒక తోటలో ట్రక్కు నడుపుతాడు. ఎండలు తిరిగే నెలల్లో తోట చుట్టూ కరెంటు తీగలమీద నీలంపిట్టలు వచ్చి కూర్చుంటాయని ఒకసారి ఫోన్‌లో చెప్పాడు. మన పాలపిట్ట మాదిరే ఉంటాయి, కానీ మనదానికి రొమ్ము గోధుమరంగు, వీటికి తలా రొమ్ము అంతా లేతనీలం. ఎగిరితే రెక్కల అంచులు నల్లన. ఎక్కడో చలిదేశాల నుంచి ఆఫ్రికా పోతూ ఆ తోట దగ్గర ఆగుతాయి. ఫరహత్ సారును అడిగింది. అది వలస పాలపిట్ట అనీ, పోయేదారిలో ఎప్పుడన్నా ఒకటి మన దిక్కు రావచ్చు అనీ, ఈ గ్రూపులో ఇంతవరకు ఎవరూ చూడలేదనీ చెప్పాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ దాన్ని కువైట్ పిట్ట అనుకునేవాళ్ళు. ప్రతి ఏడూ కాటుకపిట్ట రాగానే ఫరహత్ తీగలు చూడటం మొదలుపెట్టేది. కమాల్ బాషా చూసిన పిట్ట తన కంటికి కూడా కనబడాలి. ఆమెకు కావలసింది అంతే. ఎవరితోనూ అనలేదు ఆ మాట.

పద్మశ్రీ ఆ మేడెక్కింది జాకెట్టు కోసం. ఆమె మెట్టినిల్లు బట్టల అంగళ్ళ వీధిలో, పుట్టినిల్లు పులివెందుల. రంగు చూపించడానికి వచ్చి మేకుకున్న బైనాక్యులర్ చూసింది. "ఇదేంది అక్కా, ఎదురిండ్లు చూస్తాండావా?" అంది నవ్వుతూ. ఫరహత్ కూడా నవ్వి దాన్ని తీసి ఆమె కళ్ళకు పెట్టింది. మునివేళ్ళతో గడ్డం పట్టుకుని వేపకొమ్మ వైపు తిప్పింది. "కన్ను చుట్టూ గీసినట్టుండాదే," అంది పద్మశ్రీ.

ఆ మాటకు ఫరహత్ గుండె నిండింది. తనకు తెలిసిందంతా ఆ పిల్లకు చెప్పింది. ఎండ వీపువైపు పెట్టుకొని చూడాలని, మొదట ముక్కు చూడాలని, తర్వాత కాళ్ళు, రంగు చిట్టచివర అని. పద్మశ్రీ చెప్పింది చెప్పినట్టు పట్టేసింది. మరుసటేడు ఆమె భర్త పవన్‌కుమార్ ఆమెకు ఒక కెమెరా కొనిచ్చాడు. మోచేయంత లెన్సు. "కార్డు ఊరికే నింపుకోవద్దు. మామూలు పిట్టల ఫోటోలు దాచుకుంటే మంచివాటికి చోటుండదు," అని చెప్పింది కూడా ఫరహతే.

ఫరహత్ లోపల రగలడం మైలవరంలో మొదలైంది. చలికాలం ఆదివారం ముగ్గురూ కారులో పోయారు. ఫరహత్ పొద్దునే పోయి నీళ్ళ అంచున కూర్చోవాలంది. పవన్‌కుమార్ ఇడ్లీ తినందే కదలనన్నాడు. ఆలస్యంగా చేరారు. ఫరహత్ వెనకసీటులో వంగి టిఫిన్ గిన్నె మూత బిగిస్తోంది. పద్మశ్రీ అప్పుడే కారు తలుపు తెరిచింది. తెరిచిన క్షణానే చేపలగద్ద ఒకటి కాళ్ళు ముందుకు చాచి నీళ్ళలో పడి, చేపతో లేచింది. ఫరహత్ తల ఎత్తేసరికి నీళ్ళమీద వలయాలు మిగిలాయి. పద్మశ్రీ చేతిలో ఫోటో ఉంది.

ఎన్నో చలికాలాలు ఆ గట్టుమీద కూర్చున్నది ఫరహత్. అట్లాంటి దూకుడు ఆమె ఒక్కసారీ చూడలేదు.

"అక్కా, నీవల్లే," అంది పద్మశ్రీ.

పవన్‌కుమార్ భార్య తలమీద ఎండ పడకుండా గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఫరహత్ ఫోటో చూసి, బాగుందని చెప్పి, గొడుగు వైపు చూసి, మళ్ళీ నీళ్ళవైపు తిరిగింది. ఆ ఫోటోను గ్రూపులో తనే పెట్టింది, పద్మశ్రీ పేరుతో. గ్రూపంతా చప్పట్ల బొమ్మలు. సారు, ఈ అమ్మాయెవరు, గ్రూపులో చేర్చు అని రాశాడు. పద్మశ్రీ కూడా అడిగింది. "సారుతో మాట్లాడి చెప్తాలే," అంది ఫరహత్. ఇద్దరికీ ఏమీ చెప్పలేదు.

ఆ తర్వాత పద్మశ్రీ మెట్లెక్కుతుంటే గాజుల చప్పుడుకే ఫరహత్ చేయి మగ్గం మీద ఆగేది. ఏం చూసొచ్చిందో అనిపించేది. మామూలు పిట్ట అయితే ఊపిరి తేలిక. ఏదైనా మంచిది అయితే ఆ రోజు అన్నం రుచించేది కాదు. ఖాజాబీ కనిపెట్టింది. "ఆ పిల్ల వస్తే ముఖం కాకరకాయ చేస్కుంటావు. నేర్పేటప్పుడు తెలీలేదా?" అంది.

ఈ ఏడు దసరా ముందర, ఎండ చురుక్కుమంటుండగా పద్మశ్రీ కెమెరా మెడలో వేసుకుని మేడెక్కింది.

"మన ఊరి రామేశ్వరం అవతల, పెన్నలోకి దిగే ఇసుకదారి లేదా అక్కా, ఆడ తీగమీద పాలపిట్ట. దసరా కదా అని తీసినా. కొంచెం వేరేగా ఉండాది. చూడు."

ఎండలో కెమెరా తెర కనపడలేదు. ఫరహత్ చున్నీ తలమీదుగా ముందుకు లాగి, కెమెరాను కూడా లోపలికి తీసుకుని, ఆ చీకట్లో చూసింది.

తల నీలం. గొంతు నీలం. రొమ్ము నీలం, కింద పొట్టదాకా. గోధుమరంగు లేదు, గొంతుమీద తెల్లటి చారలు లేవు. వీపు మాత్రం ఇటుకరంగు. దారాల పెట్టెలో ఆ నీలం ఏ రీలుదో కూడా ఆమె చెప్పగలదు. కువైట్ పిట్ట, ఇంటికి ఇంత దగ్గర, పెన్న గట్టున, తీగమీద. ఈ పిల్ల పాలపిట్ట అనుకుని తీసింది.

"రొమ్ము చూడక్కా, నీలంగా లేదూ?" అంది పద్మశ్రీ బయటినుంచి.

చున్నీ లోపల ఫరహత్ ముఖం ఎట్లా ఉందో ఆమెకు కనపడదు.

"పాలపిట్టే," అంది ఫరహత్. "లేతది. రొమ్ము రంగు ఇంగా రాలేదు."

"అట్లనా. నేనింగేదో అనుకున్నా."

"రంగు చూసి మోసపోవద్దని చెప్పినా గదా."

"చెప్పినావులే అక్కా. నువ్వు అన్నాక ఇంగేముంది."

ఆమె దిగిపోగానే ఫరహత్ సూది గుడ్డలోనే గుచ్చి, ఆటో ఎక్కి, రామేశ్వరం దాటి ఇసుకదారిలో నిలబడింది. తీగమీద పసులపోలిగాడు ఒక్కటే కూర్చుని తోక చీల్చుకుని అటూ ఇటూ చూస్తోంది. సాయంత్రం దాకా చూసింది. మరునాడూ పోయింది. ఆ పిల్లకు దారినపోతూ కనపడింది, వెతుక్కుంటూ వచ్చిన తనకు కనపడలేదు.

దసరా నాడు పద్మశ్రీ ఫోన్ చేసింది. "ఈరోజు పాలపిట్టను చూస్తే ఏడంతా కలిసొస్తాదని మా అత్త ఒకటే పోరు. అందరినీ ఆ తీగకాడికి తీస్కపోతాండా. నువ్వూ రా అక్కా."

రెండు కార్లనిండా జనం. కొత్తచీరలు, పూలు, పిల్లలు. పద్మశ్రీ అత్త ఇసుకలో చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నిలబడింది.

"ఏమ్మా ఫరహత్, వస్తాదా నీ పిట్ట? ఆడ అమ్మవారిశాల గుడిలో నాకు పని ఉండాది."

"పిట్టకు మన పనులు తెలుసునా అత్తా," అంది పద్మశ్రీ.

"ఫోన్ నంబరు ఉంటే చేసేటోణ్ణి," అన్నాడు పవన్‌కుమార్.

"నీకు పెళ్ళాం చెప్పింది చేసేదే పని. నువ్వు మాట్లాడాకు," అంది వాళ్ళమ్మ.

నవ్వులు ఆగకముందే అది వచ్చింది. పెన్నలో ఎండిన రెల్లు మీదుగా తక్కువ ఎత్తులో వచ్చి తీగమీద కూర్చుంది. ఆడవాళ్ళు చేతులు జోడించారు. పిల్లల తలలు పట్టి పైకి తిప్పారు. ఎవరో చెంపలు వేసుకున్నారు. ఫరహత్ బైనాక్యులర్ ఎత్తింది. రొమ్ము మీద గాలికి విడిపోతున్న ఈకలు కూడా కనపడ్డాయి. ఇంతమంది దాన్ని చూస్తున్నారు, మొక్కుతున్నారు. అది ఏదో తెలిసింది తనొక్కదానికే. ఆ తెలియడంలో ఒక తీపి ఉంది. అంతలోనే, ఇది తనకు దొరికింది కాదు, ఆ పిల్ల చూపిస్తే చూస్తున్నది అని గుర్తొచ్చి ఆ తీపి విరిగిపోయింది.

పిట్ట లేచింది. రెక్కల అంచులు నల్లగా ఎండలో తెరుచుకున్నాయి.

"అక్కా," అంది పద్మశ్రీ పక్కనుంచి మెల్లగా, "పాలపిట్ట ఎగిరితే రెక్కలో ముదురునీలం పట్టీలు కనపడాల గదా. దీనికి లేవే."

"ఎండకు ఎదురు చూసినావు. నీకు కనపడలేదు."

పద్మశ్రీ తలూపింది. అత్త వచ్చి ఫరహత్ చేయి పట్టుకుంది. "నీ పుణ్యాన చూసినాం తల్లీ," అంది. మీ కోడలి పుణ్యం అని ఒక మాట అంటే సరిపోయేది. ఫరహత్ అనలేదు.

ఆ సాయంత్రం కమాల్ బాషా ఫోన్ చేసినప్పుడు, "చూసినా," అంది.

"ఏంది?"

"కువైట్ పిట్ట. పెన్న కాడ."

"ఈడ ఈ ఏడు శానా తక్కువ వచ్చినాయి," అన్నాడు ఆయన. "ఒకటి నీ తట్టుకు వచ్చిందన్నమాట. ఎవురు చూపించినారు?"

"ఎవురు చూపిస్తారు. నేనే చూసినా."

"సారుకు చెప్పు మరి. ఇన్నేండ్లు చూసినావు దానికోసం."

ఫోన్ పెట్టేసి గ్రూపులో రాసింది. వలస పాలపిట్ట, ప్రొద్దుటూరు పెన్న గట్టు, నేను చూసినాను. పద్మశ్రీ పేరు రాయలేదు. చప్పట్లు రాలడం మొదలైంది. ఆమె ఫోన్ ఒడిలో పెట్టుకుని వాటిని చూస్తూ కూర్చుంది. మైలవరం గద్దకు వచ్చినవాటికంటే ఎక్కువ అనిపించింది. అప్పుడు సారు రాశాడు. శానా సంతోషం అమ్మా. జిల్లాకు కొత్త పిట్ట, కాబట్టి ఫోటో కావాలి. లేదంటే నీతో ఉన్నవాళ్ళు ఒకరు నేనూ చూసినా అంటే చాలు.

మరుసటిరోజు పొద్దునే పద్మశ్రీ ఇంటికి పోయింది. గుమ్మానికి కట్టిన బంతిపూలు వాడిపోతున్నాయి. "ఆ లేత పాలపిట్ట ఫోటో ఉండాదా? కొత్తగా నేర్చుకునేటోళ్ళకు చూపిద్దామని," అంది ఏమీ లేనట్టు.

పద్మశ్రీ కెమెరా తెచ్చి ఒక్కొక్కటీ వెనక్కి జరిపింది. జమ్మిపూజ. అత్త కొత్తచీర. ఇసుకదారిలో అందరూ ముఖాలెత్తి, చేతులు జోడించి నిలబడ్డ ఫోటో. మధ్యలో బైనాక్యులర్ ఎత్తిన ఫరహత్. అందరూ చూస్తున్న పిట్ట మాత్రం అందులో లేదు. ఆ తర్వాత ఒక్కసారిగా మైలవరం గద్ద.

"తీసేసినా అక్కా," అంది పద్మశ్రీ. "దసరా ఫోటోలకు చోటు లేకపోయింది. మామూలువి దాచుకోవద్దని నువ్వే అంటివి గదా. ఏం, కావాల్సి ఉండెనా?"

"ల్యా, ఏం వద్దు. ఊరికే."

"మళ్ళా కనపడితే తీస్తాలే."

ఫరహత్ వీధిలోకి వచ్చింది. చూసినవాళ్ళు రెండు కార్లనిండా ఉన్నారు. వాళ్ళంతా చూసింది పాలపిట్ట. వాళ్ళకు ఆ పేరు పెట్టింది తను. పద్మశ్రీని సాక్ష్యం పిలవాలంటే మొదట ఆమెకు నిజం చెప్పాలి. చెప్తే ఆ పిట్ట పద్మశ్రీది అవుతుంది. జిల్లాలో మొదట చూసింది పద్మశ్రీ, తెలిసి దాచింది ఫరహత్. చెప్పకపోతే, ఫోటో లేదు, సాక్షి లేరు. పిట్ట మళ్ళీ కనపడుతుందేమోనని ఆశ పెట్టుకుని పెన్నకు పోయింది. తీగ ఖాళీగా ఉంది. పిట్ట తన దారిన తను పోయింది.

గ్రూపులో అందరూ అడుగుతున్నారు. ఎవరున్నారు అక్కా నీతో? మేము వస్తాం, చోటు చెప్పు. ఆమె పద్మశ్రీ అని రాసింది. కాసేపు చూసి తుడిపేసింది. ఇంకోసారి రాసి ఇంకోసారి తుడిపింది. చివరికి ఇట్లా పంపింది:

సార్, మళ్ళా ఆలోచించినా. అది పాలపిట్టే. లేతది. నాది పొరపాటు.

ఫరహత్ అక్క కూడా తప్పు చెప్తాదా అని జమ్మలమడుగు కుర్రాడొకడు నవ్వే బొమ్మ పెట్టాడు. సారు రాశాడు: ఇంత నిజాయితీగా తప్పు ఒప్పుకునేవాళ్ళు తక్కువమ్మా. ఆ మాట చదివి ఆమె ఫోన్ బోర్లా పెట్టింది. ఆ తర్వాత ఎవరో మసక ఫోటో పెట్టినప్పుడు ఆమె ఆ పిట్ట పేరు చెప్పింది. కింద ఇంకొకరు, నిజంగానా అక్కా, ఇంకోసారి చూడు అని రాశారు.

కమాల్ బాషా అడిగితే, సారు రాసుకున్నాడు అని చెప్పింది.

పవన్‌కుమార్ స్నేహితుడొకడు ఆ గ్రూపులో ఉన్నాడు. అట్లా సంగతి పద్మశ్రీ దాకా పోయింది. ఆమె గిన్నెలో ఓళిగలు పెట్టుకుని మేడెక్కింది. మగ్గం పక్కన చాపమీద కూర్చుంది.

"నాక్కూడా అనుమానం వచ్చె గదా అక్కా, రొమ్ము చూసి. నీకూ అట్లే వచ్చినట్టుంది. బాధపడాకు. నువ్వు మొదట చెప్పిందే నిజమాయె గదా."

ఫరహత్ సూదిలోకి దారం ఎక్కిస్తోంది. దారం కొస విడిపోయింది. నోట్లో పెట్టి తడిపి మళ్ళీ ఎక్కించింది.

పద్మశ్రీ సంచిలోంచి మీగడరంగు పట్టుగుడ్డ తీసింది. పులివెందులలో తమ్ముడి పెండ్లి. జాకెట్టు కుడిచేతిమీద పూలు వద్దు, పిట్ట కావాలంది.

"దసరా నాటి పాలపిట్ట. అందరం కలిసి చూసినాం గదా, గుర్తుగా. చూసింది చూసినట్టు వేయి."

ఆమె పోయాక ఫరహత్ గుడ్డను చట్రానికి బిగించింది. తీగ గీసింది, పిట్ట గీసింది. పెట్టెలోంచి గోధుమరంగు రీలు తీసి ఒడిలో పెట్టుకుంది. రొమ్ముకు ఇది వేస్తే అందరికీ తెలిసిన పాలపిట్ట అవుతుంది. ఎవరూ తప్పుపట్టరు. మగ్గాన్ని ఎండలోకి జరిపి రీలును గుడ్డ పక్కన పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. ఆ రంగును ఆమె చేయి కుట్టలేకపోయింది. గోధుమరంగు రీలు తిరిగి పెట్టెలో పెట్టి, నీలాల వరుసలోంచి ఒకటి తీసింది. తలకు అదే. గొంతుకు అదే. రొమ్ముకు అదే, పొట్టదాకా. రెక్క కొసకు నలుపు.

పెండ్లికి ఫరహత్‌నూ పిలిచారు. భోజనాల బంతిలో కూర్చుని ఉండగా, ఎదురు వరుసలో పద్మశ్రీ వంగి పప్పు వడ్డిస్తోంది. ఒక పెద్దావిడ ఆమె చేయి పట్టుకుని జాకెట్టు చేతిని వెలుతురుకు తిప్పింది.

"ఎంత బాగుండాదో. ఏం పిట్టమ్మా ఇది?"

"పాలపిట్ట," అంది పద్మశ్రీ. "మా ఊర్లో పెన్న కాడ నాకే కనపడింది మొదట. ఆ అక్కే కుట్టింది, అడగండి."

పెద్దావిడ ఫరహత్ వైపు చూసింది.

"అవును, పాలపిట్టే," అంది ఫరహత్. పద్మశ్రీ ఈ వరుసకు వచ్చి ఆమె ఆకులో పప్పు వేసింది. వేస్తున్నంతసేపూ ఆ నీలం ఫరహత్ కళ్ళముందు కదిలింది.